నాడె పోయి వచ్చేదాక

కొత్తవాడలో పాతవాణ్ణి నేను. పేరు వెంకటరాజం. పేరులో వెంకట ముందొచ్చింది, రాజం తర్వాతొచ్చింది, రాజ్యం మాత్రం ఇప్పటిదాకా రాలేదు. పని జంపఖానాలు నేయడం. అంటే నేనూ నేతనే, ఓట్లడగని నేతను. గొంతు విషయంలో మాత్రం ఆ నేతలకు ఏమీ తీసిపోను. నేను మా సందులో తుమ్మితే హన్మకొండలో ఎవరో నూరేళ్లు అంటారని మా సరోజన చెబుతుంది. సరోజన నా భార్య. ఆ మాట మెచ్చుకుని చెబుతుందో మొత్తుకుని చెబుతుందో ఇరవై ఏళ్లుగా తేల్చుకోలేకపోయాను.

మా ఇంట్లో ఉన్నది పెద్ద మగ్గం. సొసైటీ వాళ్లది. పెళ్లిళ్లలో, సభల్లో పరిచే పన్నెండడుగుల జంపఖానాలు దాని మీద నేస్తాం. అంత వెడల్పు ఒక్కడి చేతులకు అందదు. అందుకని గుంటలో కాళ్లు పెట్టి ఇద్దరు కూర్చోవాలి, ఎడమ పక్క ఒకరు, కుడి పక్క ఒకరు. పేక నూలు చుట్టిన నాడెను ఎడమవాడు విసురుతాడు. అది పడుగు దారాల నడుమ చేపలా జారి కుడివాడి చేతికి పోతుంది. ఇద్దరూ ఇనప పంజాలతో పేకను కొట్టి దించాక అతడు ఇటు విసురుతాడు. రోజంతా అంతే. అటు, ఇటు.

పద్నాలుగేళ్లు నా కుడి పక్క రాయమల్లు కూర్చున్నాడు. ఈత బరిగె లాంటి మనిషి, గొంతు కూడా అంతే సన్నం. నాకు వరుసకు బామ్మర్ది. భార్య పోయినప్పటి నుంచి మధ్యాహ్నం కంచం మా ఇంట్లోనే. నేను నాడెతో పాటు ఒక మాట విసిరేవాణ్ణి. ఆ మాట అటు పోయి, నాడెతో పాటు తిరుగుమాట ఇటు వచ్చేది. నాడె రాకముందు మాట వచ్చిందీ లేదు, మాట లేకుండా నాడె వచ్చిందీ లేదు.

"రాయమల్లూ, మనం గూడ నేతలమే గదా. మన ఫోటోలు గోడల మీద ఎందుకు లెవ్వు?"

నాడె అటు పోయేది. పంజాలు నాలుగు దెబ్బలు కొట్టేవి.

"మన జంపఖానా మీదనే గద బావా ఆ నేతలు కూసుండేది. మీద నేత, కింద నేత. కిందున్నది ఫోటోల పడదు."

ఇట్లా పద్నాలుగేళ్లు. వాకిట్లో కండెలు చుట్టుకుంటూ సరోజన వినేది. నవ్వొచ్చినా నవ్వేది కాదు. నవ్వితే ఇద్దరం పని ఆపి ఆమె మొహం చూస్తామని భయం.

ఈ మగ్గానికి ఒక కాయిదా ఉంది. ఎవరి పక్క పడుగు పోగు తెగితే వాడు "పట్టుకో" అంటాడు. రెండోవాడు నాడెను చేతిలో పట్టుకొని ఉండాలి. విసరొద్దు, కింద పెట్టొద్దు, బీడీ కోసం లేవొద్దు. తెగినవాడు ముడి వేసుకొని "ఊ" అనేదాకా ఆ చెయ్యి అట్లాగే ఉండాలి. నాడె కింద పెడితే అవతలివాణ్ణి తొందరపెట్టినట్టు. మా నాయన నేర్పింది ఇదే, రాయమల్లు నాయన నేర్పిందీ ఇదే.

ఎనభై రెండు వానాకాలం తొర్రూరులో రాయమల్లు అక్క ఇల్లు కూలింది. ఆమెకు ఇతను తప్ప ఇంకెవరూ లేరు. జంపఖానాల మీద వచ్చేది గంజికి సరి, గోడకు చాలదు. కొత్తవాడ నుంచి అప్పటికే సగం మంది మహారాష్ట్రలోని భీమండి పోయి పవర్‌లూముల మీద పని చేస్తున్నారు. రాయమల్లు కూడా ట్రంకుపెట్టె సర్దుకున్నాడు.

కాజీపేట స్టేషన్‌కు పది మందిమి పోయాం. బండి వచ్చి ఆగింది. రాయమల్లు ఎక్కలేదు. నా దగ్గరికి వచ్చి నిలబడి, "బావా, ఏమన్న చెప్పు" అన్నాడు.

చెప్పవలసింది ఒకటే మాట. పోకు. లేకపోతే, జల్దీ రా. ఆ రెండింటిలో ఏదీ నా నోట్లోంచి రాలేదు. చుట్టూ పదిమంది నా మొహం చూస్తున్నారు, రాజం ఇప్పుడేమంటాడా అని. పదిమంది చూస్తుంటే నా నోరు నా మాట వినదు.

"ఇన్నొద్దులు మా ఇంట్ల బకాసురుడివి," అన్నాను, "ఇగ భీమండి పోయి భీముడివి కారా!"

అందరూ విరగబడి నవ్వారు. సామాన్లు మోసే కూలీ కూడా నవ్వాడు. రాయమల్లు నవ్వలేదు. నా మొహం వైపు ఇంకాసేపు చూశాడు, ఇంకేమైనా వస్తుందేమోనని. బండి కూత పెట్టింది. ఎక్కాడు.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ సరోజన అంది: "మనిషి తిన్న బువ్వ లెక్కగట్టినవ్ గదయ్యా."

ఏడాదిన్నర. ఒక్క ఉత్తరం లేదు.

*

కుడి పక్క ఇంకొకరిని కూర్చోబెట్టుకోలేదా అంటే, పెట్టుకున్నాను. మొదటి మనిషి నేను జోకు మొదలుపెట్టక ముందే నవ్వేవాడు. రెండో మనిషి జోకు అయ్యాక "అంటే ఏంది?" అనేవాడు. సరోజన కూర్చుంటానంది కానీ మోకాళ్ల నొప్పి ఆమెను గుంటలో దిగనియ్యలేదు. చివరికి ఆ పెద్ద మగ్గం మీదే ఎడమ చివర మూడడుగుల పడుగు ఎక్కించుకొని, చిన్న చిన్న ఆసనాలు నేసుకుంటూ ఒక్కణ్ణే మగ్గం మీద మగ్గుతున్నాను. మిగతా తొమ్మిదడుగులు ఖాళీ.

అప్పుడే కృపానందం సార్ ఇంట్లో టేపురికార్డర్ చూశాను. సార్ మిషన్ బడిలో తెలుగు చెబుతాడు, సుబేదారిలో ఉంటాడు. ఆయన భార్య ప్రమీలమ్మ చర్చిలో పాటల జట్టుకు పెద్ద. వాళ్ల చర్చికి జంపఖానా అప్పజెప్పడానికి పోతే, ఆ డబ్బాలోంచి ప్రమీలమ్మ పాడుతోంది. ప్రమీలమ్మేమో నా ఎదురుగా నిలబడి చాయ్ ఇస్తోంది. ఒక మనిషి రెండు చోట్ల! చాయ్ చల్లారిపోయింది.

"సార్, ఇండ్ల నేను మాట్లాడితే భీమండిల ఇనబడతదా?"

"ఇందులో మాట్లాడకపోయినా వినబడుతుందయ్యా నీ గొంతు," అన్నాడు సార్. మనిషి మంచివాడు. నా సావాసం వల్ల చెడిపోతున్నాడు.

నా ఆలోచన చెప్పాను. మన వాళ్లు వందల మంది భీమండిలో ఉన్నారు. వాళ్లకు ఇక్కడి మాట లేదు. నెలకో క్యాసెట్టు నింపి పంపుతాను. ముచ్చట్లు, పరాచికాలు, ఎవరింట్లో బర్రె ఈనింది, ఎవరి కూతురు పెద్దమనిషైంది. దానికి పేరు కూడా అప్పటికే పెట్టేశాను: పేక ముక్కలు. నూలు వాళ్లకు నూలు, ఆట వాళ్లకు ఆట.

అసలు కారణం చెప్పలేదు. ఆ వందల మందిలో ఒక్కడు వింటే చాలు.

చేతిలో పైస లేదు, పని ఆపితే పొయ్యిలో పిల్లి. ఆదివారం డబ్బా దేవుడిది కనుక సోమవారం నాకిస్తానన్నాడు సార్. కొత్త క్యాసెట్టు కొనే తాహతు లేదంటే, పాటల ప్రాక్టీసు చేసిన పాతవి రెండు ఇచ్చి, వాటి మీదే చెప్పుకోమన్నాడు. "కానీ బూతులొద్దు, రాజం" అన్నాడు.

"బూతులెందుకు సార్, నా దగ్గర నీతులకే కొరత లేదు."

డబ్బాను గుంట పక్కన ఇటుక మీద పెట్టుకొని, నేసుకుంటూనే మాట్లాడాను. పని పనే, ముచ్చట ముచ్చటే. నేను మాట్లాడింది ముప్పావు టేపే. మిగతా పావు మీద ప్రమీలమ్మ జట్టు పాట అట్లాగే మిగిలిపోయింది. అంటే నా చివరి జోకు అవగానే పదిమంది ఆడవాళ్లు ఒక్కసారిగా ఎత్తుకుని, "ఆమెన్" అని ముగిస్తారు. నా జోకులకు అంత గౌరవం ముందూ జరగలేదు, తర్వాతా జరగలేదు.

క్యాసెట్టు పోయేదెట్లా? సమ్మమ్మ ఉంది. అరవై దాటిన మనిషి, ఇద్దరు కొడుకులూ భీమండిలో. నెలన్నరకోసారి తొక్కు డబ్బాలు, సకినాలు, అందరి ఉత్తరాలు మూటగట్టుకొని బండెక్కుతుంది. పోస్టాఫీసు సమ్మె చేసినా సమ్మమ్మ చెయ్యదు. క్యాసెట్టును మామిడి తొక్కు డబ్బాకూ గోంగూర తొక్కు డబ్బాకూ నడుమ పెట్టింది.

"కొడుకా, ఇండ్ల ఏమున్నది?"

"నా గొంతు, పెద్దమ్మా."

"అయితే మూత గట్టిగ బిగించు."

*

నెలన్నరకు తిరిగొచ్చింది. బస్సు దిగి నేరుగా మా వాకిట్లోకే వచ్చి, కూర్చోక ముందే క్యాసెట్టు నా చేతిలో పెట్టి మొదలుపెట్టింది.

"నీ టేపు ఖరాబైందట కొడుకా. నడుమ నడుమ నువ్వు సప్పుడు జేస్తలెవ్వట. ఏదో అంటవట, మల్ల ఆగుతవట. మల్ల అంటవట. తిప్పి తిప్పి సూసిండ్రు. పాట మాత్రం మస్తుగున్నదన్నరు."

తల కొట్టేసినట్టయింది. అదే క్యాసెట్టు పట్టుకొని సుబేదారి పోయాను, సరోజన కూడా వెంట వచ్చింది. సార్ దూదిని స్పిరిట్‌లో ముంచి డబ్బా లోపల తుడిచి, పెట్టి విన్నాడు. నిజమే. నేనొక మాట అంటున్నాను. తర్వాత టక్ టక్ మని పంజా దెబ్బలు, అంతే. కొంతసేపటికి మళ్లీ నేను. సార్ చేతి గడియారం చూసుకుంటూ విన్నాడు.

"విచిత్రంగా ఉందయ్యా. ప్రతిసారీ అంతే సేపు. ఆరు సెకన్లు. యంత్రం చెడిపోతే ఇంత లెక్కగా చెడిపోదే."

"యంత్రం కాదు సార్," అంది సరోజన. గోడకు ఆనుకొని నిలబడి ఉంది. "నాడె పోయొచ్చేదాంక ఆగుతాండు."

డబ్బాలో నేను మళ్లీ ఏదో అన్నాను, మళ్లీ ఆగాను.

ముందున్నది మూడడుగుల పడుగు. కుడిచేత్తో విసిరి ఎడమచేత్తో నేనే పట్టుకుంటున్నాను. అయినా నోటికి ఆ సంగతి తెలియలేదు. పన్నెండడుగులు పోయి, పట్టుకొని, నాలుగు దెబ్బలు కొట్టి, తిరిగి వచ్చేంత సేపు ఆగుతోంది.

రెండో క్యాసెట్టు పట్టుదలగా చేశాను. మగ్గం మీద కాదు, సార్ వరండాలో, స్టూలు మీద. ఎక్కడా సందు లేకుండా, వాన కురిసినట్టు మాట్లాడాను. ఊపిరి కూడా దొంగతనంగా పీల్చాను. మొదటి దాన్ని కూడా పాట కోసమైనా వింటారని కలిపి ఇస్తే, సమ్మమ్మ రెండూ తీసుకుపోయింది. ఈసారి పండగ చేసుకుంటారనుకున్నాను.

"ఇది బాగలేదట కొడుకా," అంది వచ్చి. "మునుపటి లెక్కనే పంపుమన్నరు. ఖరాబైనదే."

"ఎందుకట?"

"నాకేమెరుక. శుక్రారం ఆడ కరెంటు ఉండదు. నేసే సాంచెలన్ని బంద్. అందరు మా పెద్దోని ఖోలీల జమైతరు, బ్యాటరీలేసి పెడ్తరు. ఈసారి మొదటి టేపు మల్ల పెడితే రాయమల్లు ఆ డబ్బ పక్కపొంటి కూసున్నడు. ఆరోజు మొదట మా పెద్దోడు టేపు ఖరాబైందని తీసేద్దుమంటే, రాయమల్లు చెయ్యి అడ్డం పెట్టిండట. నువ్వు ఏదో అని ఆగంగనే, ఆయన ఏదో అంటడు. అందరు ఒకటే నవ్వుడు. మల్ల నువ్వంటవు, మల్ల ఆయనంటడు. ఇగ ప్రతి శుక్రారం అదే టేపు. పక్క ఖోలీలోళ్లు గూడ వస్తాండ్రు. రెండోది పెడితే, ఆయనకు మాట సొరనిచ్చే జాగ లేకపాయె. జరసేపు కూసొని లేసి పోయిండు."

సరోజన చేతిలో రాట్నం ఆగిపోయింది.

"ఆయన ఏమంటడు పెద్దమ్మా?" అన్నాను. గొంతు నాదే కానీ బాగా సన్నబడి వచ్చింది.

"నువ్వు ఏదో అన్నవు గదా?"

"అన్న."

"దానికి ఆయన ఏదో అంటడు."

"ఏమంటడు?"

"అదే... నువ్వు మగ్గమని ఏదో అంటవు సూడు, దానికి ఆయన మామిడికాయ అంటడు. అందరు నవ్వుతరు."

"మామిడికాయ ఎందుకొచ్చింది?"

"తొక్కుకేమో కొడుకా!"

తలపట్టుకున్నాను. ఏడాదిన్నర తర్వాత నా మాటకు తిరుగుమాట వస్తోంది. అదేమో భీమండిలో ఒక ఖోలీలో పుట్టి, శుక్రవారం సాయంత్రం అక్కడే నవ్వులో కలిసిపోతోంది. నా దాకా వస్తున్నది సమ్మమ్మ మూటలోని మామిడికాయ. ఉత్తరం రాని రోజుల్లో వాడికి కోపం అనుకొని బతికాను. ఇప్పుడు వాడు వారం వారం జవాబు చెబుతున్నాడని తెలిసి నిలవలేకపోతున్నాను.

*

అదే వారం సొసైటీ సెక్రటరీ కిషన్ రావు వచ్చాడు. ఖాళీగా ఉన్న తొమ్మిదడుగులను చేత్తో తడిమి చూశాడు.

"రాజం, పెద్ద మగ్గం మీద పీట గుడ్డలు నేస్తే ఎట్లనయ్యా? నెక్కొండల అన్నదమ్ములిద్దరు ఉన్నరు, పెద్ద జంపఖానాల పని వచ్చినోళ్లు. మగ్గం కావాలంటాండ్రు. నీకు చిన్నది ఇప్పిస్త."

"రెండో మనిషి వస్తడు సార్."

"ఎవరు?"

"రాయమల్లు."

"వస్తనన్నడా?"

"అడుగుత."

కిషన్ రావు మంచివాడే. తల గోక్కున్నాడు. "దసరా దాంక ఆగుత. అటెన్క నా చేతుల లేదు."

సోమవారం సార్ ఇంటికి పోయి డబ్బా, పాటల పాత క్యాసెట్టు ఇంకొకటి తెచ్చుకున్నాను. ఈ మూడో క్యాసెట్టు మొదటి దానిలాగే రావాలి, సందులతో. కానీ తెలియక ఆగినప్పుడు సరిగ్గా ఆగిన నోరు, ఆగాలని ఆగితే ఆగడం లేదు. ఒకసారి తొందరపడుతోంది, ఒకసారి పెళ్లిపీటల మీద పిల్లలా సాగదీస్తోంది. నాలుగుసార్లు చెరిపాను.

సరోజన చూసి చూసి లేచింది. మూడడుగుల పడుగు అవతల, మగ్గం కుడి చివరన, గుంటలో దిగకుండా గట్టు మీద కూర్చుంది. "నాడె నా మీదికి ఇసురు" అంది. ఖాళీ గాలిలోనే విసిరాను. చీర కొంగులో పట్టుకుంది. నేను పంజాతో నాలుగు దెబ్బలు కొట్టేదాకా ఉంచుకుంది. తిరిగి విసిరింది. ఆరు సెకన్లు. ఎప్పుడు లెక్కపెట్టుకుందో పద్నాలుగేళ్లు వాకిట్లో కూర్చొని.

అట్లా నింపాము ఆ క్యాసెట్టు. మగ్గం గురించి, పోగుల గురించి, కొత్తవాడ గురించి మొదటి టేపులో విసిరినవే మళ్లీ విసిరాను. సగం అయ్యాక స్టేషన్ గురించి విసిరాను: "రాయమల్లూ, ఆనాడు కాజీపేటల బకాసురుడన్న గదా. నాది నోరు గాదు, కాజీపేట జంక్షన్. అడ్డమైన బండి వచ్చి ఆగుతది." నాడె సరోజన కొంగులో పడింది. ఆమె తిరిగి విసరడానికి కొంచెం ఎక్కువ సేపు తీసుకుంది.

చివరగా జోకేమీ పెట్టుకోలేదు.

"దసరాకు మన మగ్గం నెక్కొండ పోతదట. కుడిపక్క జాగ అట్లనే ఉన్నది. వస్తవా?"

సమ్మమ్మకు రెండు మాటలు చెప్పి పంపాను. ఇంకో డబ్బా ఎక్కడైనా అడిగి తెచ్చుకొని, నా టేపు నడుస్తుంటే రాయమల్లు మాటలతో కలిపి రెండో డబ్బాలో నింపించి తేవాలి. "నువ్వు మాత్రం యాద్ పెట్టుకోకు పెద్దమ్మా, నీకు దండం పెడత" అన్నాను. ఖాళీ క్యాసెట్టు ప్రమీలమ్మ ఇచ్చింది. "మా పాటను మాత్రం కొయ్యొద్దని చెప్పండి" అంది.

*

దసరాకు పది రోజుల ముందు సమ్మమ్మ తిరిగొచ్చింది. క్యాసెట్టుకు గోంగూర తొక్కు వాసన. సార్ వరండాలో కూర్చున్నాం, సార్, ప్రమీలమ్మ, సమ్మమ్మ, సరోజన, నేను. సార్ మీట నొక్కాడు.

ముందు గరగరమని సప్పుడు. ఎవరో దగ్గారు. తర్వాత నేను, ఎక్కడో బావిలోంచి మాట్లాడుతున్నట్టు:

"రాయమల్లూ, మగ్గం మీద మగ్గితే ఏమైతది?"

టక్, టక్, టక్, టక్.

"మామిడికాయైతే పండైతది బావా. మనమైతే ముసలోళ్లమైతం."

అదే సన్నగొంతు. డబ్బాకు బాగా దగ్గరగా కూర్చున్నట్టున్నాడు, నా గొంతు కంటే పెద్దగా వినిపించాడు. జీవితంలో మొదటిసారి. వెనకాల ఖోలీ అంతా నవ్వింది.

"సూసినవా!" సమ్మమ్మ నా తొడ మీద కొట్టింది. "మామిడికాయ! నేను జెప్పలే?"

"పోగులు పోగేస్తే జంపఖానా," అన్నాను డబ్బాలో. "పోగొట్టుకుంటే?"

"మిగిలిన కాడికి తుండుగుడ్డ. మొహం తుడుసుకోను పనికొస్తది."

"కొత్తవాడల ఈ నడుమ అందరు పాతవాళ్లే మిగిలిండ్రు."

"కొత్తవాళ్లం ఈడున్నం బావా. రెండేండ్లాయె, ఇంక కొత్తనే పోతలేదు."

ఈసారి అక్కడ నవ్విన వాళ్లు తక్కువ. ఇక్కడ ప్రమీలమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

ఒక్కొక్కటే వచ్చింది. ఒక్కటి కూడా వాడు నేలకు వదల్లేదు. నేను విసిరిన ఎత్తుకు సరిగ్గా చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. కాజీపేట వచ్చింది. నా నోరు జంక్షన్ అన్నాను. సరోజన కొంగులో ఎక్కువసేపు ఆగిన ఆ సందు అది, అవతల వాడికి కూడా ఎక్కువే దొరికింది.

"ఈడ మెస్సు బువ్వ బావా," అన్నాడు రాయమల్లు మెల్లగా. "బకాసురుడు బక్కాసురుడైండు. అక్క చేతి పప్పు యాదికొస్తాంది. సరోజనక్కకు జెప్పు."

సరోజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పద్నాలుగేళ్లు ఆపుకున్న నవ్వు అప్పుడు వచ్చింది, నవ్వు ఒక్కటే రాలేదు.

చివరిది వచ్చింది. నా గొంతు దసరా గురించి, నెక్కొండ గురించి, కుడిపక్క జాగా గురించి చెప్పింది. వస్తవా అని అడిగింది.

టక్, టక్, టక్, టక్.

ఆ ఆరు సెకన్లూ అయిపోయాయి. ఖోలీలో ఎవరూ దగ్గలేదు. సార్ గడియారం వైపు చూసి, చూడనట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బయట ఎక్కడో భీమండి వీధిలో సైకిల్ గంట మోగింది, అది కూడా వినిపించింది.

"పట్టుకో బావా," అన్నాడు రాయమల్లు. "పోగు తెగింది. తొర్రూరుల గోడలు లేసినయి, కప్పు పడలే."

అంతే. వెంటనే పదిమంది ఆడవాళ్లు ఎత్తుకున్నారు. ఆమెన్ దాకా ఎవరూ మీట ఆపలేదు.

"ఏమన్నట్టు?" అంది ప్రమీలమ్మ. "వస్తాడా, రాడా?"

"ముడేస్తాండు," అంది సరోజన.

*

దసరా పోయిన మూడో రోజు పొద్దున ట్రాక్టర్ వచ్చింది. నెక్కొండ అన్నదమ్ములు ఇద్దరూ మర్యాదస్తులు. మగ్గానికి దండం పెట్టి గానీ ముట్టుకోలేదు. వడ్లాయన ఒక్కొక్క గుంజకు సుద్దతో గుర్తు పెట్టి ఊడదీస్తున్నాడు. నేను గుంటలో నా జాగాలోనే కూర్చొని ఉన్నాను, నాడె చేతిలో పట్టుకొని. మగ్గం పైనుంచి పోతోంది, నేను మాత్రం కింద ఉన్నాను. ఇట్లాంటప్పుడు నాలుగు మాటలు నోటికి రావాలి. ఒక్కటీ రాలేదు.

కిషన్ రావు కాగితం పట్టుకొని టిక్కులు పెట్టుకుంటున్నాడు. "గుంజలు నాలుగు. దోనె రెండు. పంజాలు రెండు..." నా చేతి వైపు చూశాడు. "నాడె ఒకటి. ఇయ్యి రాజం."

"ఇయ్య సార్."

"గదేంది, అది గూడ సొసైటీదే గదా. లిస్టుల ఉన్నది."

"తెలుసు సార్. కింద పెట్టరాదు."

"ఎందుకు?"

"పోగు తెగింది. ముడేస్తాండు."

కిషన్ రావు మగ్గం ఉన్న చోటు చూశాడు. అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు. నా మొహం చూశాడు, నవ్వడానికి తయారయ్యాడు. అందరూ నా దగ్గర అట్లాగే తయారవుతారు. నేను ఆగాను. అతనికి నవ్వడానికి ఏమీ దొరకలేదు.

"ఎవరు ముడేస్తాండు?"

"మా ఆయన కుడిపక్కాయన," అంది సరోజన వాకిట్లోంచి. "రాసుకో సారూ. నాడె పనిల ఉన్నదని రాసుకో."

కిషన్ రావు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నేను చూడలేదు. వేరే నాడె సొసైటీ నుంచి ఇప్పిస్తానని నెక్కొండ అన్నదమ్ములకు చెప్పడం మాత్రం వినిపించింది.

ట్రాక్టర్ కదిలింది. ఊడదీసిన మగ్గం అటూ ఇటూ జారకుండా అన్నదమ్ములు చెరో పక్క కూర్చొని పట్టుకున్నారు. ఎడమ పక్క కూర్చున్న పెద్దవాడు ఏదో అన్నాడు. నేను గుంటలోంచి మెడ సాచి విన్నాను. రెండోవాడు జవాబు చెప్పేలోపల ట్రాక్టర్ సందు మలుపు తిరిగింది.